ఛలము: తర్కమునందు, వచనమునందు

కన్నడ వచనములను తెలుగులిపిలో గాని అనువాదములో గాని చదువువారికి అప్పుడప్పుడొక చిక్కు కలుగుచుండును. రెండు భాషలయందును రూపమొక్కటియై అర్థము వేరైన పదములు కొన్ని కలవు. ఇది నాకు తెలిసిన మాటయే గదా యని పాఠకుడు ముందునకు సాగిపోవును. అర్థము మాత్రము వెనుకనే నిలిచిపోవును. అట్టి పదములలో 'ఛలము' ఒకటి. శరణునకు ఛలము ఉండితీరవలెనని బసవేశ్వరుడొక వచనమున, ఒక్కొక్క విషయము నెత్తి, పదే పదే చెప్పెను. ఛలము లేనివారు కూడలసంగమదేవుని మెప్పు పొందజాలరని ముగించెను. తెలుగువాడు నిఘంటువు తెరచి చూచినచో ఛలమనగా వంచన, కపటము, మిష యని కనబడును. వంచన నేర్చుకొండని బసవన్న శరణులకు చెప్పునా?

చెప్పడని అందరికిని తెలియును. ఐనను ఆ పదమచ్చట ఏల ఉన్నదో విచారింపక దాటిపోవుట చదువు అనిపించుకొనదు. అందును ఛలమనునది వట్టి నిందామాత్రమైన మాట కాదు. మన తర్కశాస్త్రమున అది లక్షణమును, భేదములును, ఉదాహరణములును గల పారిభాషిక పదము. ఎదుటివాని మాటను మెలిపెట్టి అతనిని ఓడించు యుక్తికి అది పేరు. ముందుగా ఆ శాస్త్రార్థమును, అది మన ఇండ్లలోను సంఘములలోను ఏ వేషములతో తిరుగుచున్నదో దానిని చూచి, పిమ్మట వచనమునకు వత్తము.

గౌతముడు న్యాయసూత్రములలో తెలిసికొనదగిన పదార్థములు పదునారని చెప్పెను. ప్రమాణముతో మొదలై నిగ్రహస్థానముతో ముగియు ఆ వరుసలో వాదము, జల్పము, వితండ, హేత్వాభాసము, ఛలము అనునవి పదవ స్థానము మొదలు పదునాలుగవ స్థానము వరకు ఒకదాని వెంట నొకటి యున్నవి. ఎదుటివాని మాట నచ్చనప్పుడు కుతర్కమనియో వితండవాదమనియో నోటికి వచ్చిన పేరు పెట్టుట మనకు అలవాటైనది. శాస్త్రకారులు వీనిని కలగాపులగము చేయలేదు. తత్త్వము తెలిసికొనుటకై గురువుతోను సహాధ్యాయులతోను చేయునది వాదము. అందు నిర్ణయమే ఫలము; ఓడినవాడు కూడ తెలిసికొన్నవాడే యగును. గెలుపే ప్రయోజనముగా నెంచి, తన పక్షమును నిలుపుకొనుటకు ఛలము మొదలగు సాధనములనైనను వాడునది జల్పము. తనకంటూ ఒక పక్షము లేక ఎదుటి పక్షమును పడగొట్టుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. కావున మొండిగా వాదించు ప్రతివాడును వితండవాది కాడు. తన పక్షమును స్పష్టముగా చెప్పి దానిపై మొండికెత్తినవానిని మనము మరియొక పేరుతో పిలువవలసి యుండును.

ఇంత అయోగ్యములైన సాధనములను శాస్త్రమేల బోధించెనని అడుగవచ్చును. మొలకెత్తిన చేనుచుట్టు ముండ్లకంపతో కంచె వేయుట యెట్టిదో, తెలిసికొన్న తత్త్వమును కాపాడుకొనుటకు జల్పవితండలు అట్టివని గౌతముడే సమాధానము చెప్పినాడు. ఈ పోలిక మన రైతులకు వేరుగ వివరింపనక్కరలేదు. కంప చేనిచుట్టు ఉండవలెను; చేనిలో నాటదగినది కాదు.

హేత్వాభాసమునకును ఛలమునకును గల భేదము మరింత ముఖ్యమైనది. హేత్వాభాసమనగా హేతువువలె కనబడి హేతువు కానిది. దానిని చెప్పువాడు కపటియే కానక్కరలేదు. తానే భ్రమపడి యుండవచ్చును. బసవపురాణమునందలి ఒక ఘట్టమును తీసికొందము. బసవేశ్వరుడు జంగమార్చనకు ధారాళముగ వ్యయము చేయుచున్నాడు; అతడే బిజ్జలుని భాండారమును చూచుచున్నాడు; కావున రాజధనమునే జంగమములకు పెట్టుచున్నాడని గిట్టనివారు రాజుతో చెప్పిరి. భాండారమును లెక్కించి చూడగా ధనము తరుగలేదని పాల్కురికి సోమనాథుడు వ్రాసెను. చాడీ చెప్పినవారి హేతువెట్టిది? భాండారము చేతిలో నున్నవాడు దానము చేసినచో ఆ దానము భాండారమునుండియే కావలెనను నియమమేమియు లేదు. తన జీతమునుండియు చేయవచ్చును. సాధ్యమున్నచోటను లేనిచోటను గూడ నుండు ఇట్టి హేతువునకు సవ్యభిచారమని పేరు. ఇది ఐదు హేత్వాభాసములలో మొదటిది. చెప్పినవారు ద్వేషముతో చెప్పిరా, నిజమని నమ్మియే చెప్పిరా యనునది వేరు ప్రశ్న. లెక్క చూచుటతో ఆ దోషము తేలిపోయినది.

ఛలము లెక్క చూచినను తేలదు. ఏలయనగా అందు దోషము విషయమునందు గాక మాటయందున్నది. వక్త ఒక అర్థమున చెప్పిన మాటకు, అతడు తలపెట్టని మరియొక అర్థమును కల్పించి, ఆ కల్పితార్థమును ఖండించి, అతని మాటయే ఖండితమైనట్లు చూపుట ఛలము. ఇది మూడు విధములని న్యాయశాస్త్రము చెప్పుచున్నది: వాక్ఛలము, సామాన్యచ్ఛలము, ఉపచారచ్ఛలము.

మొదటిదానికి భాష్యకారుడైన వాత్స్యాయనుడు చూపిన ఉదాహరణము తెలుగులోను అట్లే కుదురును. ఒకడు నవకంబళము గలవాడనిరి. క్రొత్త కంబళి కలదని చెప్పినవారి భావము. వినినవాడు 'నవ' శబ్దమునకు తొమ్మిది యని అర్థము తీసి, 'ఇతనికి ఒక్క కంబళియే కలదు, తొమ్మిది ఎక్కడివి?' అని ఎదురు తిరిగెను. చరకసంహిత విమానస్థానమునను వైద్యుల వాదవిధానమును చెప్పుచు ఇట్టి ఉదాహరణమునే ఇచ్చిరి. నవతంత్రుడైన వైద్యుడనగా క్రొత్తగా శాస్త్రము చదివినవాడని ఒకరనగా, నేను చదివినది తొమ్మిది తంత్రములు కావు, ఒక్కటియే యని ఆ వైద్యుడు బదులు చెప్పును. రోగుల ప్రాణములతో వ్యవహరించువారికి కూడ ఈ పాఠము అవసరమని ఆ గ్రంథకర్తలు తలచుట గమనింపదగినది.

కంబళి మాట నవ్వు పుట్టించును. మనలో వాడుకలోనున్న వాక్ఛలము నవ్వు పుట్టించునది కాదు. 'జంగమ' శబ్దమును చూడుడు. కదలునది యని దాని వ్యుత్పత్తి. అష్టావరణములలో గురువు, లింగము, జంగమము అను మూడును పూజ్యములుగా చెప్పబడినవి. కట్టి నిలిపిన గుడికి నాశము కలదనియు, జంగమమునకు లేదనియు బసవేశ్వరుడు చెప్పినప్పుడు ఆ పదమునకు అనుభవియై, నిస్సంగుడై, లోకహితార్థము సంచరించు శివస్వరూపుడని అర్థము. కాలక్రమమున అదే శబ్దము ఒక వంశమునకు, ఒక పుట్టుకకు పేరైనది. ఇట్లగుట భాషలో తప్పు కాదు; ఎన్నో పదములట్లే మారును. తప్పు ఎచ్చట వచ్చుచున్నదనగా, ఒకే మనుష్యుడు ఒకే దినమున రెండర్థములను తనకు కావలసినట్లు మార్చి వాడుటలో. పాదపూజయు దక్షిణయు పుచ్చుకొను వేళ, 'జంగమము పూజ్యమని బసవన్నయే చెప్పెను. నేను జంగమ వంశమున పుట్టితిని' అని జన్మార్థము. తంబురా, గుమ్మెటలతో కథలు చెప్పుచు ఊరూర తిరుగు బుడిగ జంగమునకు పంక్తిలో పీట వేయవలసి వచ్చినప్పుడు, 'పేరుచేత జంగమమగునా? జంగమమనునది గుణముచేత రావలెను' అని గుణార్థము. రెండు వాక్యములలో ఏదైన నొకదానిని మొదటినుండి తుదివరకు పట్టుకొనియుండినచో అతనితో వాదింపవచ్చును, అంగీకరింపనైనను వచ్చును. రెంటిని మార్చి మార్చి వాడువానితో వాదము సాగదు. ఛలము యొక్క స్వరూపము సరిగ్గా ఇదే.

కట్నము విషయమునను ఇట్టిదే నడచుచున్నది. 1961లో చేసిన చట్టము కట్నము ఇచ్చుటను, పుచ్చుకొనుటను నిషేధించెను. అడుగకయే ఇచ్చిన కానుకలను 1984 సవరణ వేరుచేసి, వానికి జాబితా వ్రాసియుంచవలెనని చెప్పెను. అంతటితో 'మేము కట్నమడుగలేదు, లాంఛనములు అడిగితిమి' యని ఒకరు, 'అది కట్నము కాదు, పిల్లకు పసుపు కుంకుమల క్రింద ఇచ్చినది' యని ఇంకొకరు చెప్పనారంభించిరి. వస్తువు మారలేదు, మొత్తము తగ్గలేదు, అడిగిన నోరును మారలేదు. మారినది పేరు.

సామాన్యచ్ఛలమునకు శాస్త్రములో చెప్పిన ఉదాహరణము ఇట్లున్నది. ఈ బ్రాహ్మణుడు విద్యాచారసంపన్నుడని ఒకరు ప్రశంసింపగా, బ్రాహ్మణునియందు విద్యాచారములుండుట సహజమే యని మరియొకరు అనిరి. వెంటనే ఛలవాది, 'అట్లైనచో సంస్కారములు తప్పిన వ్రాత్యుడును బ్రాహ్మణుడే, అతడును విద్యాచారసంపన్నుడు కావలెను గదా' అనెను. ఉండదగినదని చెప్పిన దానిని ఉండియే తీరునని చెప్పినట్లు సాగదీయుట ఇందలి మెలిక. దీనిని మనము రెండు దిక్కులనుండియు వినుచున్నాము. లింగధారికి సదాచారము ఉండదగినదని పెద్దలు చెప్పిరి. 'మా వాడు లింగధారి, కావున సదాచారియే' యని తన కుమారుని దుర్వర్తనమును కప్పిపుచ్చు తండ్రి ఒక దిక్కు. 'ఆ లింగధారి లంచము పుచ్చుకొనెను, కావున లింగధారణమువలన ప్రయోజనము లేదు' అను ఆక్షేపకుడు మరియొక దిక్కు. ఇద్దరును ఒకరికొకరు శత్రువులమని యెంచుకొందురు గాని ఇద్దరు చేసిన పని ఒక్కటే. వరి నాటిన పొలము పండదగినది. దున్నక, నీరు పెట్టక పండియే తీరునని ఎవరును చెప్పలేదు. పంచాచారములలో సదాచారమును ప్రత్యేకముగా పేర్కొనుట కూడ అందుకే. లింగము కట్టినంత మాత్రమున అది వచ్చిపడునదైనచో వేరుగ చెప్పుట యేల?

మూడవది ఉపచారచ్ఛలము. ఔపచారికముగా, అనగా అలంకారముగా, లక్షణచేత చెప్పిన మాటకు వాచ్యార్థమును పట్టుకొని వాదించుట. 'మంచములు అరచుచున్నవి' అనునది శాస్త్రోదాహరణము. ఇచ్చట మంచమనగా పడుకొను మంచము కాదు. మన చేలలో కావలికి కట్టు మంచెవంటిది. మంచెలు కేకలు వేయుచున్నవనగా మంచెలపైనున్న మనుష్యులు వేయుచున్నారని పసిబాలుడును గ్రహించును. 'కొయ్యకు నోరెక్కడిది?' అనువాడు గ్రహింపక యనుట లేదు, గ్రహించియే యనుచున్నాడు.

శరణులు కాయకమును కైలాసముతో సమానము చేసి చెప్పిరి. మన మతమున ఇంతగా ప్రసిద్ధికెక్కిన మాట మరియొకటి లేదు. ఇంతగా ఉపచారచ్ఛలమునకు గురియైన మాటయును లేదు. పని చేయించుకొను ఆసామి ఈ మాటను గోడపై వ్రాయించి, కూలి పెంచుమని అడిగినవానికి దానిని చూపించును. పనియే కైలాసమైనప్పుడు కూలి తక్కువైన నేమి? కైలాసమునకు జీతమడుగుదురా? అని అతని భావము. ఈ యుక్తిలో దోషమెచ్చటనున్నదో చూతము. శరణుల సిద్ధాంతమున కాయకము ఒంటరిగా లేదు. దాసోహముతో జతపడి యున్నది. నులియ చందయ్య గడ్డితో త్రాళ్లు పేని అమ్మి, వచ్చిన దానితో జంగమ దాసోహము చేసెను. త్రాటికి వెలయే లేకుండినచో ఆ దాసోహమెక్కడిది? కావున కాయకమును కైలాసమనుట శ్రమకు తగిన ఫలము చేతికందుటను తనలో ఇముడ్చుకొనియే యున్నది. ఆ ఫలమును మధ్యలో ఒకరు తీసికొని, మిగిలిన అలంకారమును మాత్రము కష్టజీవి చేతిలో పెట్టుట న్యాయమా? ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు మామూలుకన్న ఎక్కువ తెచ్చినందుకు అతని భార్య లక్కమ్మ, ఇంత ఆశ మనకేల యని మందలించి, మిగులును తిరిగి పోసి రమ్మని పంపెను. ఆమె కాయకమునకు పెట్టిన హద్దు తన భర్తకు పెట్టినది, తన ఇంటికి పెట్టినది. పరుల కూలికి ఆమె హద్దు పెట్టలేదు. లక్కమ్మ కథను కూలివానికి చెప్పు ఆసామి ముందుగా తన ధాన్యపుకొట్టునకు చెప్పుకొనవలసియుండును.

ఇంతవరకు ఛలమును గుర్తించుట చెప్పితిమి. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. మాటకు అర్థమేమని అడిగిన ప్రతి ప్రశ్నయు ఛలము కాదు. పిల్లలు గాని, క్రొత్తగా దీక్ష పొందినవారు గాని, 'మీరు జంగమమనునది ఏ అర్థమున?' అని అడిగినప్పుడు, కుతర్కము చేయకుమని నోరు మూయించు పెద్దలున్నారు. రెండర్థములలో ఏది మీ భావమని అడుగువాడు శిష్యుడు. ఏది మీ భావమో తెలిసియు రెండవదానిని మీ నెత్తిన రుద్దువాడు ఛలవాది. ఈ భేదమును విడిచి ప్రశ్నకే ఛలమని పేరు పెట్టుట, ఛలము అను పదముతోనే చేసిన ఛలమగును.

శూన్యసంపాదనలో అక్కమహాదేవి అనుభవమంటపమునకు వచ్చిన ఘట్టము దీనికి మంచి దృష్టాంతము. సర్వమును విడిచితినని వచ్చిన ఆమెను అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించెను. వస్త్రమును విడిచినదానవు, మరి కేశములతో దేహమును కప్పుకొననేల? అను భావముగల ప్రశ్న అందొకటి. పైకి చూచినచో ఇది అచ్చముగా ఛలము. విడిచితినన్న మాటను కేశములవరకు సాగదీసి ఎదుటివారిని తప్పుపట్టినట్లున్నది. కాని ప్రభువు ఆమె సమాధానమునకై వేచియున్నాడు. తన దేహము కనబడి ఇతరుల మనస్సు చలింపకుండుటకే యని ఆమె భావమును చెప్పగా ఆ సమాధానమును నిలువనిచ్చెను. ఇంకను లోతునకు పోయి ప్రశ్నించెను. తుదకు ఆమె ఔన్నత్యమును సభయెదుట అంగీకరించెను. ఛలవాదికి ఎదుటివాని సమాధానముతో పనిలేదు. అది రాకమునుపే అతడు గెలిచి కూర్చుండును. ప్రశ్న యొక్క కాఠిన్యమును బట్టి గాక, సమాధానమునకు ఇచ్చిన చోటును బట్టి వాదమును ఛలమునుండి వేరుచేయవలెనని ఈ ఘట్టము చదివినప్పుడు తోచును.

ఇక పదచరిత్రకు వత్తము. తెలుగున ఈ ధ్వనిగల మాటలు పెక్కు. సంస్కృత 'ఛలము' ఒత్తుతో వంచన. దానినుండియే పుట్టిన 'ఛలోక్తి' మాత్రము మనకు నిందామాట కాదు, చమత్కారపు మాట. రెండర్థముల మెలిక యందును ఉన్నది గాని, అచ్చట ఇద్దరును నవ్వుదురు. ఛలమున ఒక్కడే నవ్వును. ఒత్తులేని సంస్కృత 'చలము' కదలునది. చలాచలములు, అనగా జంగమ స్థావరములు. ఒత్తులేని తెలుగు 'చలము' మరియొకటి: మాత్సర్యము, మొండిపట్టు. 'చలము పట్టినాడు' అనగా వదలడని భావము. ఇందు మెచ్చుకోలు తక్కువ. కన్నడమున ఈ మొండిపట్టు అర్థమే 'ఛల' యని ఒత్తుతో వాడుకలో నిలిచి, పట్టుదల, పౌరుషము, ప్రతిజ్ఞానిర్వాహము అను గౌరవార్థములను గూడ పొందినది. రన్నకవి గదాయుద్ధమున దుర్యోధనునకు ఛలదంకమల్లుడను బిరుదు ప్రసిద్ధము. దుర్యోధనుడు జూదమున మోసము చేసినవాడు గదా, ఆ బిరుదు వంచనకు సంబంధించినదే యని తెలుగువాడు అనుకొనవచ్చును. కాదు. అంతయు కోల్పోయిన పిమ్మటను లొంగని పట్టుదలను బట్టి వచ్చినదది. సోమనాథుని తెలుగు బసవపురాణమును భీమకవి 1369లో కన్నడమునకు కొనిపోయెను. వచనములు మనవైపునకు వచ్చినవి. రెండు వాఙ్మయములు ఇంత చేరువయైనను ఈ ఒక్క పదము రెండు ఒడ్డులను రెండు విధములుగ నిలిచియున్నది.

కావున బసవేశ్వరుడు చెప్పిన ఛలము పట్టుదల. ఐనను దుర్యోధనునకును పట్టుదల కలదు గనుక, పట్టుదల మాత్రమే శరణలక్షణము కాజాలదు. అందుచేతనే ఆ వచనమున ఛలము వేనియందు కావలెనో వరుసగా చెప్పబడినది: పరధనమును కోరననుటయందు, పరసతిని కోరననుటయందు, పరదైవమును కొలువననుటయందు, లింగజంగమములు ఒక్కటే యనుటయందు, ప్రసాదము సత్యమనుటయందు. మొదటి మూడింటిని పరికింపుడు. మూడును 'ఒల్లను' అను నిరాకరణములు. ఆ నిరాకరణము ఎదుటివానిని గూర్చినది కాదు, తన మనస్సును గూర్చినది. దుర్యోధనుని ఛలము పరుల రాజ్యభాగమును విడువననుట. శరణుని ఛలము పరుల సొత్తును ముట్టననుట. పదమొక్కటే, పట్టు ఒక్కటే. ముఖము తిరిగిన దిక్కు వేరు.

ఇప్పుడు తర్కములోని ఛలమును దీని ప్రక్కన నిలిపి చూచినచో రెండును ఒకే స్థలమున ఎదురెదురుగ నిలుచుట కనబడును. మాట ఇచ్చిన పిమ్మట, లేదా ఒక మాటను ప్రమాణముగ అంగీకరించిన పిమ్మట, దాని భారము మనపై పడును. ఆ భారము ఎత్తవలసిన వేళ మాటకు రెండవ అర్థము వెదకి తప్పించుకొనుట తార్కికుల ఛలము. రెండవ అర్థము దొరకుచున్నను దానిని ముట్టక మొదటి అర్థమునకే కట్టుబడుట శరణుల ఛలము.

కల్యాణమున 12వ శతాబ్దిలో ఈ రెండు ఛలములు ముఖాముఖి నిలిచినవి. చెప్పులు కుట్టు కాయకము గల హరళయ్యయు, బ్రాహ్మణుడుగ పుట్టిన మధువరసయు లింగధారులైరి. మధువరస కుమార్తెను హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసిరి. బిజ్జలుడు ఆ తండ్రులిద్దరికి క్రూరమరణదండన విధించెననియు, తదుపరి కల్యాణమున జరిగిన కల్లోలములో శరణులు చెదరిపోయిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. నేరారోపణమంతయు పాత పేరులపై నిలిచినది: బ్రాహ్మణకన్య, అంత్యజవరుడు. లింగధారణముతో పూర్వజాతి పోయినదని శరణుల సిద్ధాంతము. ఆ సిద్ధాంతములో ఆ ఇద్దరు వధూవరులను పిలుచుటకు ఆ పేరులు లేనేలేవు.

ఇచ్చట మనము సాధారణముగ బిజ్జలునిపై కోపించి కథను ముగింతుము. నాకు ఆ తండ్రులను గూర్చి ఆలోచింపదగినది ఎక్కువగ తోచుచున్నది. తప్పించుకొనుటకు వారికొక సులభమైన ఛలము చేతికందునంత దూరముననే ఉండెను. 'శరణులందరు సమానులనుట భక్తి విషయమున. వియ్యము లోకవ్యవహారము, అది వేరు' అనిన చాలును. సమానమను శబ్దమునకు రెండర్థములు తీసినట్లగును, సభలో గౌరవము పోదు, ప్రాణము పోదు. మధువరస ఆ మాట యనలేదు.

మనము అనుచున్నాము. ఇచ్చట, మన లింగధారులలోనే, శాఖలను బట్టియు పూర్వవృత్తులను బట్టియు సంబంధములు త్రోసిపుచ్చు ఇండ్లు ఎన్ని లేవు? బసవజయంతి నాడు వేదికపై సమానత్వమును చెప్పి, ఇంటికి వచ్చి 'పంక్తి ఒకటే గాని పొత్తు వేరు' అను పెద్దమనుష్యుడు అబద్ధమాడుట లేదు. అతడు వేదికపై చెప్పినదియు ఒక అర్థమున నిజమే, ఇంటిలో చెప్పినదియు ఒక అర్థమున నిజమే. వినుచున్న కుమార్తెకు మాత్రము తండ్రి ఏ అర్థమున శరణుడో తెలియదు. ఆమె అడిగినచో దానిని కుతర్కమనరాదని పైన చెప్పితిమి.

తుదిగా అనువాదకులకొక విన్నపము. ఈ వచనమును తెనిగించువారు 'ఛలము' అను పదమును అట్లే ఉంచినచో పాఠకుడు వంచనార్థమున తడబడును. 'పట్టుదల' యనిన అర్థము తెలియును గాని, మూలమునందలి వేడి పోవును; పరీక్షకు చదువు విద్యార్థికిని పట్టుదలయే. 'నిష్ఠ' మరింత చల్లనిది. 'చలము' అని ఒత్తు తీసి వ్రాసినచో మాత్సర్యపు వాసన తగులును. నాకు తోచినంతలో 'పంతము' దగ్గరగా వచ్చును. అందు ప్రతిజ్ఞయు కలదు, పౌరుషమును కలదు, మాట తప్పరాదను బిగువును కలదు. పిల్లల పంతమని చిన్నచూపుగా వాడుటయు లేకపోలేదు. కాని 'పరధనము ముట్టనను పంతము' అని చెప్పిచూడుడు, ఆ చిన్నచూపు దానంతటదియే తొలగిపోవును. మూలపదమునే ఉంచగోరువారు అడుగున ఒక వాక్యములో కన్నడార్థమును తప్పక వ్రాయవలెను.